మిగిలిన పన్నెండు నిమిషాలు

రసీదు పుస్తకం మార్చిలో కొన్నాను.
నూరు కాగితాలు, మధ్యలో నల్లటి కార్బను.
దసరా దాటినా
పదకొండో కాగితం దగ్గరే ఆగిపోయింది నా చేతిరాత.

"సినిమా పండగా? హీరో ఎవరండీ?"
ఐసు ఫ్యాక్టరీ సూర్రావు గారు.
హీరో లేడండీ.
"పాటలు?"
అవీ లేవండీ.
"ఆయ్, మరి ఉన్నదేంటో చెప్పండి."
చెప్పడం చేతకాక
ఐసు దిమ్మల మీంచి లేచే పొగ చూస్తూ నిలబడ్డాను.
జాలిపడి రెండొందలు ఇచ్చారు.
పేరు మాత్రం రాయొద్దన్నారు.

లేసు అల్లే కొల్లాటి మంగాయమ్మ
ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.
నాలుగు దుప్పట్లు కలిపి తెర కుట్టింది.
అంచు చుట్టూ లేసు కూడా వేసింది.
ఎందుకమ్మా అంటే,
"బొమ్మ బాలేకపోతే చూడ్డానికి
ఏదో ఒకటి ఉండాలి గదా బాబూ."

హాలంటే నర్సాపురం శివార్లో
ఒకప్పటి టాకీసు. ఇప్పుడు రొయ్యల మేత గోడౌను.
బాల్కనీ మెట్ల నిండా సంచులు,
టికెట్ల కిటికీలో పిచ్చిక గూడు.
ఆ కుర్చీలు ఎప్పుడో షామియానా వాళ్ళు కొనుక్కుపోయారు.
మా కుర్చీల్ని మేమే
రోజుకి ఎనిమిది రూపాయల చొప్పున అద్దెకి తెచ్చుకున్నాం.
మేత వాసన ఉచితం.

సఖినేటిపల్లి రేవు నించి
సాయంత్రం పంటు మీద దిగింది నేలపూడి జెస్సీ.
సినిమా తీసినావిడ. ఇరవై మూడేళ్ళు.
సంచిలో హార్డ్ డిస్కూ, ఒక జత బట్టలూ.
గోదారి కోసుకుపోయిన లంకలో
తన అరెకరం హద్దురాయి వెతుక్కునే ముసలావిడ.
యాభై రెండు నిమిషాలు. అంతే కథ.

నలభై మంది వస్తే చాలనుకున్నాం.
నూట ఆరుగురు వచ్చారు.
లెక్కపెట్టింది గుమ్మం దగ్గర చెప్పుల్ని,
ఉత్త కాళ్ళతో వచ్చినవాళ్ళు ఇందులో లేరు.

పేర్లు పడబోతుండగా కరెంటు పోయింది.

చీకట్లో ముందు నవ్వులు, తరవాత ఈలలు,
ఆ తరవాత కుర్చీలు జరుగుతున్న చప్పుడు.
నాకు ఆ చప్పుడొక్కటే భయం.
అప్పుడు లేచాడు ముప్పిడి ఏసురత్నం.
గోడౌను వెనకే అతని చెరువు.
కరెంటు పోతే అక్కడ చక్రాలు తిప్పేది
ఒకే ఒక్క జనరేటరు.
రెంటికీ లాగదది.

"ఇంకా పొద్దు పోలేదు, నీళ్ళలో ఊపిరుంది.
నలభై నిమిషాలు ఓర్చుకుంటాయి నా రొయ్యలు.
ఆ పైన తేలిపోతాయి" అని
వైరు లాగి ఇచ్చి
తను మాత్రం సినిమా చూడలేదు.
టార్చిలైటుతో గట్టు మీద కూచున్నాడు
నీళ్ళకేసి చూస్తూ.

నలభయ్యో నిమిషం.
తెర మీద ముసలావిడ
మొలలోతు నీళ్ళలో దిగింది.
పాదానికేదో తగిలినట్టు ఆగింది.
నేనే తీసేశాను వైరు.
వెనక చెరువులో చక్రాలు
నీళ్ళని కొట్టడం మొదలెట్టాయి.

"దొరికిందా అమ్మాయ్?"
జెస్సీ పలకలేదు.
"దొరకదు," ఎవరో పెద్దాయన గొంతు,
"మాదీ దొరకలేదు."
"మీరు వెతికారా అసలు?" ఇంకో గొంతు, ఆడమనిషిది.
అక్కడ రేగింది గొడవ.
ఏ లంక ఎప్పుడు కోసిందో,
ఎవరి రాయి ఎవరు జరిపారో,
పదకొండు దాకా చీకట్లో కూచుని
సర్వే నంబర్లతో సహా తిట్టుకున్నారు.
ఒక్క కుర్చీ జరగలేదు.

పొద్దున్నే జెస్సీని పంటెక్కించి వస్తుంటే
ఐసు ఫ్యాక్టరీ ముందు ఆపారు సూర్రావు గారు.
రాత్రి ఆయన రాలేదు.
అయినా, "ఇంతకీ రాయి దొరికిందంటారా?"

వచ్చే ఏడు చూపిస్తామండీ, మిగిలిన పన్నెండు నిమిషాలు.

పన్నెండో కాగితం.
కార్బను సరిగ్గా సర్దమన్నారు.
ఈసారి ఇంటిపేరుతో రాయమన్నారు.

ఏసురత్నానికి ఏం రాయాలో తెలీక
ఒక రసీదు ఖాళీగా చింపి ఇచ్చాను.
మడిచి జేబులో పెట్టుకుని
"ఏడు తేలాయండీ," అన్నాడు,
"ఏడే."